బోణీ వాపసు

ఆ నెలలో వరదరాజులు కంటికి ప్రతివాడూ దొంగలాగే కనిపించాడు. తప్పు వాళ్ళది కాదు, చిన్నప్పది.

చిన్నప్ప ముఖం ఆయన ఎన్నడూ చూడలేదు. మద్రాసు జార్జి టౌన్‌లో ఏదో సందులో ఉంటాడని విన్నాడు, అంతే. వరదరాజులు అద్దెకిచ్చే ప్రతి కొత్త సినిమా క్యాసెట్టునూ ఎవరి చేతనో తెప్పించుకుని, దానికి వంద నకళ్ళు తీసి బజారులోకి వదిలి, రెండేళ్ళలో ఆయన అంగడి మూయించిన ఘనుడు. ఈసారి కూడా దెబ్బ తింటే వ్యాసర్పాడిలో మామగారి కట్టెల అడితీలో కూర్చోవడం తప్ప దారి లేదు. మామగారు కుర్చీ కూడా తుడిపించి పెట్టారని భార్య వల్లి రెండుసార్లు చెప్పింది.

అందుకే చూలైలో తెరిచిన కొత్త అంగడిలో క్యాసెట్లకు చోటివ్వలేదు. 1999 అది. అన్నీ డీవీడీలే. డీవీడీ ప్లేయర్లు ఇంకా అరుదు గనుక కంప్యూటర్లో వేసుకుని చూసుకోవలసిందే. కంప్యూటర్ నుంచి టీవీకి గానీ వీసీఆర్‌కి గానీ వైరు లాగితే చాలు, బొమ్మ ఆగిపోయి 'కాపీ ప్రొటెక్షన్' అని తెర మీద పడుతుంది. వైరుకు అవతల ఎవరున్నా దానికి అనుమానమే. ఆ గుణం వరదరాజులుకు తెగ నచ్చింది.

అంగడిలో మాత్రం పెద్ద టీవీ పెట్టి బొమ్మ ఆడించాడు. డిస్కులు తెచ్చిచ్చినవాడు ఒక ఫ్లాపీ కూడా ఇచ్చాడు. అందులోని ప్రోగ్రాం ఎక్కిస్తే ఆ కంప్యూటర్లో తాళం పనిచేయదు. ఆ ఫ్లాపీని ఆయన చొక్కా లోపలి జేబులో దాచుకుని తిరిగేవాడు.

శుక్రవారం పొద్దున కొబ్బరికాయ కొట్టి, హారతి కర్పూరం ఇంకా మండుతుండగానే ఒక పెద్దావిడ మెట్లెక్కింది. నుదుటి మీద రూపాయంత బొట్టు. పేరు వాసవాంబ, ఇల్లు వెనక వీధిలోనే అంది. టీవీలో ఆడుతున్న బొమ్మను కాసేపు చూసింది.

"బోణీ నాదేనా నాయనా? నా చెయ్యి మంచిది. కొత్తది ఇయ్యి, ఇంకెవరి దగ్గరా లేనిది."

"ఇంగ్లీషు బొమ్మ పెద్దమ్మా. మీకు పడతాదా?"

"నాకేల! మా మనవరాలు జనని సెలవలకి వచ్చుండాది, దానికి."

మద్రాసులో తన ఒక్కడి దగ్గరే ఉన్న డిస్కును వరదరాజులు కళ్ళకద్దుకుని ఆమె చేతిలో పెట్టాడు. అంత చల్లని మనిషి తొలి బోణీ చేసినందుకు ఆయన మనసు నిండిపోయింది.

మధ్యాహ్నం ఆమె మళ్ళీ వచ్చింది. డిస్కు బల్ల మీద పెట్టింది.

"మాకొద్దు నాయనా. టీవీలో ఆడలా. ఏందో ఇంగ్లీషులో తిడతా ఉండాది. దుడ్డు ఇచ్చేయి, పోతా."

వరదరాజులు డిస్కును మళ్ళీ ఆమె వైపే జరిపాడు. మిరియాల వ్యాపారం చేసిన తాత కాలం నుంచీ వాళ్ళింట్లో ఒకటే పట్టు. కొత్త అంగడిలో తొలి బోణీ వాపసు తీసుకోకూడదు. తీసుకున్న చిన్నాయన అంగడి ఆరు నెలలు కూడా నిలవలేదు.

"ఉండండి పెద్దమ్మా, నేనే వచ్చి చూస్తా."

వాసవాంబ ఇంటి హాల్లో కొత్త కంప్యూటర్, పక్కనే పెద్ద టీవీ ఉన్నాయి. "మావోడు యాపారానికని కొన్నాడు" అందామె. మిద్దె మీద ఏదో కదిలిన చప్పుడైంది. "పిల్లే నాయనా, ఆడుకుంటా ఉండాది" అని కూడా అంది.

వరదరాజులు డిస్కును పంచె అంచుతో తుడిచాడు. కంప్యూటర్ ఆపి మళ్ళీ పెట్టాడు. చిన్న తెర మీద బొమ్మ బ్రహ్మాండంగా ఆడింది. టీవీ వైరు తగిలించగానే 'కాపీ ప్రొటెక్షన్' అని పడింది.

"ఈ చిన్న తెరలోనే చూసుకోరాదా పెద్దమ్మా?"

"వీధి పిల్లలంతా చేరతారు, ఇందులో ఎవురికి ఆనతాది? మీ అంగడి టీవీలో ఆడతా ఉండాదే, ఈడ ఏల ఆడదు? చాతకాకపోతే దుడ్డు ఇచ్చేయి నాయనా, నేనేం అనుకోను."

వరదరాజులు చొక్కా తడుముకున్నాడు. ఫ్లాపీ జేబులోనే ఉంది. కానీ అనుమానం అనుమానమే.

"ఇంట్లో వీసీఆర్ ఏమన్నా ఉందా పెద్దమ్మా?"

"ఆ పీడ మాకెందుకు? నువ్వే చూసుకో."

ఆయన మొహమాటపడకుండా చూశాడు. బల్ల కింద, బీరువా పక్కన, మంచం కింద కూడా. టీవీ వెనక కంప్యూటర్ వైరు కాక ఇంకొకటి కిటికీలోంచి పైకి పోతోంది. కేబుల్ టీవీ వైరు లేని ఇల్లు చూలైలో ఎక్కడుంది? దేవుడి పటం దగ్గర వెలుగుతున్న దీపం చూసి, ఇలాంటి ఇంట్లో వెతికినందుకు సిగ్గుపడ్డాడు.

ఫ్లాపీ తీసి ప్రోగ్రాం ఎక్కించాడు. ఫ్లాపీ మళ్ళీ జేబులోకి పోయింది. టీవీలో బొమ్మ కడిగిన అద్దంలాగా వచ్చింది.

"ఇంక ఈ పెట్టెలో మా డిస్కు ఏది ఏసినా ఆడతాది పెద్దమ్మా. ఎవరికీ చెప్పొద్దు."

"నేనేల చెప్తా! నీ అంగడి బాగుండాల. వారం వారం మాకే మొదట ఇయ్యి" అంటూ ఆమె గ్లాసుడు మజ్జిగ ఇచ్చింది. బోణీ నిలిచింది. వరదరాజులుకు ఏడుపొచ్చినంత సంతోషమైంది, మామగారి కుర్చీ ఇంక ఆయనకే ఉండనీ అనుకున్నాడు. ఆమె కాళ్ళకు దండం పెట్టి సెలవు తీసుకున్నాడు.

ఆయన వీధి మలుపు తిరిగేదాకా వాసవాంబ గడపలో నిలబడి చూసింది. తలుపు గడియ పెట్టి, మిద్దె మెట్ల దగ్గరికి వచ్చి పైకి కేకేసింది.

"ఒరే చిన్నప్పా, ఆయప్పే వచ్చి తాళం తీసి పోయినాడు. వీసీఆర్లు పదీ ఒక్కసారే నొక్కు నాయనా!"