నత్తల దీవి నుంచి నలుగురు

"సైకిలా? ఈ మోకాళ్ళతో నాకు సైకిలెందుకు నాయనా?"

"సైకిల్ కాదమ్మా, సీక్వెల్! సీక్వెల్!" ప్రచురణకర్త ఫోన్లో అరిచాడు.

"నేననేదీ అదే. తొక్కలేను."

ఆయన ఊపిరి పీల్చుకుని తెలుగులోకి దిగాడు. "కొనసాగింపమ్మా. మీ నాన్నగారు రాసిన 'నత్తల దీవిలో నలుగురు' లేదూ, దానికి."

అవతల కుట్టుమిషను చప్పుడు ఆగింది. ఆ వెంటనే ఫోనూ ఆగింది.

పుస్తకాలకి అట్టలేసి అమ్మే మనిషి, అట్టే వదుల్తాడా? వారం తిరక్కుండా ఆవిణ్ణి ఆఫీసుకి రప్పించాడు.

ఆ పుస్తకం చదవకుండా పెద్దవాళ్ళయినవాళ్ళు తక్కువ. పెద్దక్క, ఇద్దరు తమ్ముళ్ళు, ఆరేళ్ళ చెల్లెలు పిచ్చుక పడవెక్కి నత్తల దీవికి పోతారు. తుపానులో పడవ కొట్టుకుపోతుంది. మూడో రోజు నాన్న మోటారు పడవేసుకుని వెతుక్కుంటూ వస్తాడు. కన్ను తెరవనివ్వని వాన. పిల్లల్ని టార్పాలిన్ కింద దూరమని, మోటారు తడవకుండా తనూ అందులోకే దూరి తాడు లాగుతాడు. పెద్దక్క ఒక్కతే నిలబడి, టార్పాలిన్ మీంచే తలలు తడిమి లెక్కపెడుతుంది.

"ఒకటి, రెండు, మూడు, నాతో నాలుగు. అందరం వచ్చేశాం, పోనీ నాన్నా!"

అదే ఆఖరి మాట. బడి బస్సు కదిలితే చాలు, పిల్లలు ఇప్పటికీ ఆ కేకే వేస్తారు.

జరిగిన కథే అని అందరికీ తెలుసు. తండ్రి సొంత పిల్లల ముద్దుపేర్లు కూడా మార్చలేదు. మొదటి పేజీలో అంకితం: 'మా పెద్దదానికి. లెక్క సరిపోయిందమ్మా.' తర్వాత ఆయన మరో పుస్తకం రాయలేదు. హక్కులన్నీ ఆ పెద్దదాని పేరనే పెట్టి పోయాడు.

ఆ పెద్దక్కకి ఇప్పుడు అరవై తొమ్మిది. ఇంకా బట్టలు కుడుతూనే ఉంది. చెరో పక్కా తమ్ముళ్ళని కూర్చోబెట్టుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, కొత్త పుస్తకం మొదటి అధ్యాయం చదివింది. ఒక పేజీ రెండుసార్లు చదివింది. అందులో పిచ్చుక ఓడ కెప్టెను. ఇద్దరు మనవలు.

"జుట్టు నెరిసిందని రాశారే."

"అరవై దాటాయి కదండీ!" అన్నాడు కుర్ర రచయిత.

"పిచ్చుకని తీసెయ్యండి. సంతకం పెడతాను."

ప్రచురణకర్త నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "మీ సంతకం లేకపోతే పుస్తకం సంతకి పోదు, పిచ్చుక లేకపోతే సంతలో ఎగరదు! నన్నేం చెయ్యమంటారు?" తన చమత్కారానికి తనే నవ్వుకున్నాడు. ఇంకెవరూ సాయం రాలేదు. "అసలు ఆవిణ్ణీ పిలుద్దాం. ఎక్కడుంటారు?"

తమ్ముళ్ళిద్దరూ ఒకేసారి గొంతు సవరించుకున్నారు.

"పిలిస్తే రాదు," అంది పెద్దక్క.

"మాటల్లేవా?"

"లేవు."

"ఎన్నాళ్ళయింది?"

"యాభై ఎనిమిదేళ్ళు."

ప్రచురణకర్త కళ్ళు మెరిశాయి. పడవ వెనకాల ఇంత గొడవుందా! రచయిత వైపు వంగాడు. "రాసుకో. అక్కాచెల్లెళ్ళు కొట్టుకున్నారు. ఆఖరి అధ్యాయంలో రాజీ."

పెద్దక్క తలెత్తింది. "రాజీ పడుతుందా అది? పడేట్టు రాయగలరా?"

"ఎందుకు పడరమ్మా! ఇంతకీ తప్పెవరిది?"

"నాదే."

"అక్కా, ఇక లే. పోదాం," అన్నాడు పెద్ద తమ్ముడు.

"ఒక్క ఫొటో!" ప్రచురణకర్త దారికడ్డం నిలబడ్డాడు. "ఒక్క ఫొటో ఇవ్వండి. పిచ్చుక సంగతి మీరెలా చెబితే అలా. తీసెయ్యమంటే తీసేస్తాను. మాటిస్తున్నా."

ఆవిడ ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. "తీసేస్తారుగా?"

"తీసేస్తా."

హాల్లో పుస్తకాల కట్టలు గోడవార జరిపి, మధ్యలో పడవ పెట్టారు. ఆవిష్కరణ సభ కోసం వడ్రంగి చేసిన చెక్క పడవ. దానికి కొత్త మోటారు, నీలం టార్పాలిన్.

"అచ్చు మన అచ్చులో ఉన్నట్టే, చూశారా! మీరు లెక్కపెట్టాలి, అంతే."

"మా అక్క జాకెట్టు హుక్కులే మూడుసార్లు లెక్కపెడుతుందండీ. మీ ఫొటో అయ్యేసరికి సాయంత్రమవుతుంది. వదిలెయ్యండి," అన్నాడు చిన్న తమ్ముడు. నవ్వబోయాడు గానీ మూతి కుదరలేదు.

ఎవరూ వినలేదు. తమ్ముళ్ళని ఎక్కించారు. పిచ్చుక చోటుకి టైపిస్టుని రమ్మని కేకేశారు. "నాన్నగారిని నేను!" అంటూ ప్రచురణకర్త మోటారు దగ్గర చతికిలబడి, తాడు పట్టుకుని, టార్పాలిన్ అందరి మీదా లాక్కున్నాడు.

పెద్దక్క పడవ కొసన నిలబడింది. ఫొటోగ్రాఫరు సైగ చేశాడు. ఆవిడ కళ్ళు మూసుకుంది. చెయ్యి చాపింది. కుట్టు సూదులు పొడిచి పొడిచి మొద్దుబారిన వేళ్ళు నీలం గుడ్డ మీద మెల్లగా పాకాయి.

"ఒకటి."

పెద్ద తమ్ముడి తల.

"రెండు."

చిన్న తమ్ముడి తల.

"మూడు. నాతో నాలుగు." గొంతు సన్నబడి పదకొండేళ్ళ పిల్ల గొంతయింది. "అందరం వచ్చేశాం, పోనీ నాన్నా!"

టార్పాలిన్ కింద ఒకటే నవ్వు. చెదిరిన జుట్టుతో ప్రచురణకర్త తల బయటికొచ్చింది. "అమ్మా, నన్ను లెక్కేశారేంటి! నేను నాన్నని కదా! పిచ్చుక ఇంకా ఒడ్డునే ఉంది, చూడండి!"

చెప్పులు చేత్తో పట్టుకుని, పడవ పక్కన నిలబడ్డ టైపిస్టు కూడా నవ్వేసింది. నవ్వనిది తమ్ముళ్ళిద్దరే.

పెద్దక్క కళ్ళు తెరవలేదు. చెయ్యి ఇంకా ఆయన నెత్తి మీదే ఉంది.

"ఆ రోజూ మూడో తల నాన్నదే బాబూ, పిచ్చుక ఒడ్డునే ఉండిపోయింది."