గంపెడు ఖర్జూరాలు

మెట్ల మీద కర్రకాలి చప్పుడు వినగానే డాక్టర్ షాహీనాజ్ సొరుగు గబుక్కున మూసేసింది.

“వస్తున్నాడమ్మా ఖర్జూరాలాయన,” అంది తఫీదా, ముక్కలు కోసే మిషను దగ్గర్నుంచి లేవకుండానే. రోగుల ఒంట్లోంచి తీసిన ముక్కలు పరీక్షించే ఆ ల్యాబులో ముప్ఫై ఏళ్ళుగా ఉన్న మనిషి. “ఈ ఏడు రాడనుకున్నా. తినేవాడే పోయాడు కదా.”

తినేవాడంటే పెద్ద డాక్టరు వహీబ్ గారు. పోయి ఆర్నెల్లయింది. ఆయన కుర్చీ, మైక్రోస్కోపు, సొరుగు తాళంచెవి ఇప్పుడు షాహీనాజ్‌వి.

ఆ ఖర్జూరాలాయన పేరు బయూమీ, ఊరు రషీద్. పదహారేళ్ళ వయసులో అతని కాలి ఎముక ముక్క అలెగ్జాండ్రియాలోని ఈ బల్ల మీదికొస్తే, చూసి క్యాన్సర్ అని రాసింది వహీబ్ గారే. కాలు పోయింది, మనిషి మిగిలాడు. ఖర్జూరాలు దిగే కాలానికి ఏటా గంపతో వస్తాడు. ఆ టక్కు టక్కు చప్పుడుకి కింద శవాలగదిలో వాళ్ళు కూడా విసుక్కుని పక్కకి తిరిగి పడుకుంటారని తఫీదా అంటుంది. వహీబ్ గారికి ఒంటినిండా షుగరు. అయినా బయూమీ ఎదురుగా కూర్చుని ఒక పండు ఏరి చేతిలో పెడితే తినేవాడు. తింటుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. ఇక ఆ రోజంతా తలుపేసుకుని ఉండిపోయేవాడు. షుగరు పెరిగి పడుకున్నాడని అందరూ నవ్వుకునేవాళ్ళు.

ఆ ఉదయమే షాహీనాజ్ సొరుగు తెరిచింది. లోపల ఒకే ఒక్క స్లైడు, పసుపెక్కిన చీటీ. చీటీలో బయూమీ పేరుంది, వయసుంది, ఎడమ కాలు అని ఉంది. ఏం జరిగిందన్న చోట మాత్రం ఖాళీ. స్లైడు మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది. మళ్ళీ చూసింది. విరిగిన ఎముక అతుక్కునేటప్పుడు కొత్త ఎముక పిచ్చిపిచ్చిగా పెరుగుతుంది. దెబ్బ సంగతి తెలియనివాడికి అది అచ్చం క్యాన్సర్‌లాగే కనిపిస్తుంది. చీటీ తిప్పితే వెనక వహీబ్ గారి చేతిరాత: చెట్టు మీంచి పడ్డాడు. నేను అడగలేదు.

“అతనికి చెప్పేస్తాను,” అంది షాహీనాజ్, ఉదయమే సంగతంతా విన్న తఫీదాతో.

“చెప్తే కాలు మొలుస్తుందా?” అంది తఫీదా. “ఆ డాక్టరు బతికించాడన్న నమ్మకంతో బతుకుతున్నాడు ముసలాడు. దాన్ని కూడా కోసేస్తావా?”

“చెప్పకపోతే ఏటా వచ్చి నా చేతిలో పండు పెడతాడు. నాకు గొంతు దిగుతుందా?”

బయూమీ ఆయాసపడుతూ లోపలికొచ్చి, గంప దించి, వహీబ్ గారి ఎదురుగా కూర్చునే కుర్చీలోనే కూర్చున్నాడు.

“లిఫ్టుంది కదా బాబాయ్, ఈ వయసులో మూడంతస్తులు ఎందుకెక్కడం?” అంది షాహీనాజ్.

“లిఫ్టులో వస్తే నేనొస్తున్నట్టు మీకెలా తెలుస్తుందమ్మా?” అని నవ్వాడు.

తఫీదా టీ పెట్టే వంకతో బయటికి జారుకుంది. బయూమీ గంపలో చెయ్యిపెట్టి ఎర్రటి పండొకటి ఏరి, చొక్కాకి తుడిచి, బల్ల మీద పెట్టాడు. షాహీనాజ్ దాన్ని ముట్టుకోలేదు.

“బాబాయ్, నీకో మాట చెప్పాలి. కోపం వస్తే రానీ. నీ కాలికి క్యాన్సర్ లేదు. ఎప్పుడూ లేదు. దెబ్బ తగిలి ఎముక చిట్లింది, అది అతుక్కుంటోంది, అంతే. మావాళ్ళు పొరపాటు పడ్డారు.”

బయూమీ కిటికీ వైపు చూశాడు. “తెలుసమ్మా,” అన్నాడు.

“తెలుసా? ఎప్పట్నుంచి?”

“ముప్ఫై ఆరేళ్ళయింది. ఆయనే మా ఇంటికొచ్చాడు. మా అమ్మ ముందు నేల మీద కూర్చుని చెప్పాడు. కోసేసిన కాలు మళ్ళీ ఆయన బల్ల మీదికే వచ్చిందంట. చీల్చి చూస్తే లోపల రోగమే లేదంట. మూడేళ్ళుగా కంటిమీద కునుకు లేదన్నాడు. క్షమించమని ఏడ్చాడు.”

“నువ్వేమన్నావు?”

“ఏమంటాం? టీ ఇచ్చి పంపించాం. ఆ ఏడే మొదటి గంప తెచ్చా. నేను పడిన చెట్టు పళ్ళే.”

పొద్దుట్నుంచి గుండె మీదున్న బరువు దిగిపోయినట్టయింది షాహీనాజ్‌కి. కళ్ళు తుడుచుకుని పండు చేతిలోకి తీసుకుంది.

“ఎంత పెద్ద మనసు బాబాయ్ నీది. ఆయన్ని క్షమించేశావన్నమాట.”

బయూమీ కర్రకాలు సర్దుకుని ఆమె వైపు తిరిగాడు.

“లేదమ్మా, మర్చిపోనివ్వలేదు.”