కుమిళి

ఎగువ వానలకు చెరువు నిండి కట్ట మీదికి పొర్లబోతోంది. గేటు మాత్రం పాడిందే పాడుతోంది: "చెరువు ఖాళీగా ఉంది. నీళ్ళు వదలడం కుదరదు. దయచేసి సహకరించండి."

ఇప్పుడు చెరువు గేట్లన్నీ వాటంతటవే నడిచే యంత్రాలు, ఏదీ మనిషి మాట వినదు. గడ్డపారలతో కొట్టాం, కాళ్ళు పట్టుకున్నంత పని చేశాం. కట్ట తెగితే కింద మా ఊరు మిగలదు.

"మామా, నడిచెరువులో పాత తూము ఉండాది గదా," అంది నా భార్య దేసమ్మ.

పల్లవుల నాటి తూము అది. నీళ్ళ పైకి రెండు రాతి స్తంభాలు కనిపిస్తాయి. మునిగి, అడుగునున్న రాతి మూత లేపితే నీళ్ళు సొరంగం గుండా కట్ట అవతలి కాలువలోకి పారతాయి. మూత లేవగానే పైన బుడగలు వస్తాయి. అందుకే అరవంలో దాన్ని కుమిళి అంటారు. బుడగ అని అర్థం.

"వొద్దు మే. దాన్ని ఎవురన్నా ముట్టి ఎన్ని తరాలైందో!"

"ఇంకెవురు దిగతారు? నువ్వా?"

చెరువులో దిగితే జరిమానా కాబట్టి ఊళ్ళో ఎవరికీ ఈత రాదు, ఆమెకు తప్ప. కొంగు బిగించి దూకేసింది.

కట్ట మీద అందరం ఊపిరి బిగబట్టాం. చాలాసేపటికి స్తంభాల మధ్య బుడగలు లేచాయి. ముందు ఒకటీ అరా, తర్వాత గుంపుగా.

"కుమిళి! తూము తెరుచుకునింది!" ఊరంతా కేకలు, ఈలలు.

నేను వెనక్కి తిరిగి కట్ట కింది కాలువ చూశాను. చుక్క నీరు లేదు.

ఆ బుడగలు తూమువి కావు.