తారు తినే పురుగు

ఏట్లోకి పురుగును వదిలి మూడేళ్లయింది. ఫ్యాక్టరీ నూనె తెట్టు పోయింది, చేపల్లో కిరసనాయిలు కంపు పోయింది. ఇప్పుడు తీరం పొడుగునా ప్రతి ఏట్లోనూ ఆ పురుగే. కంటికి ఆనదు కానీ, మురికిని మాత్రమే తింటుందని అందరూ ఒప్పుకున్నారు.

ఎరకయ్య ఒక్కడే ఒప్పుకోలేదు. పడవను బోర్లించి అతుకులకు తారు పూసి పట్టుమని పది రోజులు కాలేదు. ఇవాళ గోరు పెడితే ఆ తారు తవుడులా రాలింది. వాసన కూడా లేదు.

పురుగును వదిలిన కంపెనీ తరఫున నీళ్లు పరీక్షించడానికి వచ్చిన మేడమ్‌కు ఆ పొడి చూపించాడు.

"తారు కల్తీదేమో తాతా. మా పురుగు మురికినే తింటుంది."

"ఏది మురికో, ఏది నా పడవో దానికెవులు సెప్పినారమ్మా?"

"దాన్ని అలాగే తయారుచేశాం. రేపు నిశ్చింతగా వేటకెళ్లొచ్చు."

"అయితే ఎక్కు తల్లీ. అవతలి గట్టు దాకా తిప్పి తెస్తాను."

ఆమె నవ్వుతూ చెప్పులు విప్పి, ఒక కాలు పడవలో పెట్టింది. అతుకుల వంక ఒకసారి చూసి, ఆ కాలు వెనక్కి తీసుకుంది.

"నాకు ఈత రాదు తాతా."

పక్కనే వల సర్దుతున్న ఎరకయ్య భార్య నూకాలు తలెత్తింది. "మా మావకొచ్చులే అమ్మా. సముద్రం మద్దిన ఎంతసేపు ఈదాలో, అది సెప్పు."

మేడమ్ చెప్పులు చేత్తో పట్టుకుని జీపు వైపు నడిచింది.

ఎరకయ్య పడవను ఒడ్డుకు లాగాడు. అది చూసి ఒడ్డున ఉన్న మిగతా జాలర్లు ఒక్కొక్కరే తమ పడవల దగ్గరికి వెళ్లి, అతుకుల్లో గోరు పెట్టి చూసుకున్నారు.