ఒళ్ళు విదిలించని పుంజు

పూజారి రెండో చెంబు పసుపునీళ్ళు కూడా పోశాడు. పుంజు కదల్లేదు.

ఊరి బయట పోలేరమ్మ గుడి ముందు అందరూ దాని చుట్టూ నిలబడి ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. నీళ్ళు పడగానే పుంజు ఒళ్ళు విదిలించాలి. విదిలిస్తే అమ్మవారు మొక్కు ఒప్పుకున్నట్టు. ఆ తర్వాతే కత్తి. ఇదేమో తడిసిన మెడ చాపి, వియ్యాలవారింటికొచ్చిన చుట్టంలా తాపీగా నిలబడింది.

"ఇంట్లో ఎవరో తప్పు చేశారు," అన్నాడు పూజారి. "అది బయటపడితేగాని కదలదు. పొద్దు నడినెత్తికొచ్చిందంటే ఇంక మళ్ళీ ఏడాదే."

బసవపున్నయ్య గుడి అరుగు మీద కూలబడ్డాడు. ఆయనకి మర్నాడు గుంటూరులో గుండె ఆపరేషన్. సాయంత్రంలోగా ఆసుపత్రిలో చేరాలి. పెట్టెలతో సహా కారు రోడ్డు మీద సిద్ధంగా ఉంది.

"అమ్మ ఒప్పుకోకపోతే నేను రాను," అన్నాడు. "ఇంటికే పోతా."

"డాక్టరు ఏం చెప్పాడు నాన్నా? ఈ వారం దాటితే గ్యారంటీ లేదన్నాడు గదా," అన్నాడు కొడుకు ఫణీంద్ర.

"అమ్మ గ్యారంటీ లేకుండా ఆయన గ్యారంటీ ఏం చేసుకునేదిరా."

ఆయన భార్య కోటేశ్వరమ్మ కోడలి వైపు తిరిగింది. ఆ ఇంట్లో పాలు విరిగినా, కరెంటు పోయినా ఆమె ముందుగా చూసేది కోడలు వెన్నెల వైపే.

"ఏమే, ఏం చేశావు?"

"నేనేం చేశానత్తయ్యా?"

"రెండు నెలలబట్టి దాన్ని సాకింది నువ్వే గదా."

అది నిజమే. ఈ ఏటి ఎండలకి బజారంతా కోళ్ళు గంపల కింద ఉన్నవి ఉన్నట్టే చచ్చాయి. వాళ్ళ పెరట్లోనే ఏడు పెట్టలు పోయాయి. మొక్కు పుంజు ఒక్కటి మిగిలిందంటే అది వెన్నెల చలవే. రేకుల కొట్టంలో నుంచి తీసి వేపచెట్టు నీడకి మార్చింది. నూకల్లో మజ్జిగ కలిపి పెట్టింది. మధ్యాహ్నాలు దాన్ని కూలర్ ముందు పడుకోబెట్టి తను వంటింట్లో ఉడికింది. దానికి వడదెబ్బ తగిలితే ముందు తనకి తగిలేది అత్తగారి నోటి దెబ్బ అని ఆమెకి తెలుసు.

"అంటు రోజుల్లో గాని ముట్టుకున్నావా?"

"లేదు."

"ఎవరన్నా అడిగితే అమ్ముతానన్నావా?"

"లేదత్తయ్యా."

"మరెందుకు కదల్లేదే?"

నాపబండల మీద వెన్నెల పాదాలు చుర్రుమంటున్నాయి. నీడలోకి జరగబోయింది.

"నువ్వు కదలమాక," అంది అత్తగారు.

పుంజు కదలదు, తను కదలకూడదు. వెన్నెల భర్త వైపు చూసింది. ఫణీంద్ర ఫోన్‌లో టైము చూస్తున్నాడు. పూజారి సూర్యుడి వైపు చూస్తున్నాడు. మామగారు ఛాతీ మీద చెయ్యి వేసుకుని ఆమె వైపే చూస్తున్నాడు. ఏదో ఒకటి ఒప్పుకుంటే తప్ప ఎవరూ ఇక్కణ్ణుంచి బయటపడేలా లేరు.

"పోయిన వారం," అంది గొంతు సవరించుకుని, "దీన్ని పులుసు పెట్టుకుంటే ఎంత బాగుంటుందో అని ఒకసారి అనుకున్నా."

పూజారి మూడో చెంబు పోశాడు. పుంజు కదల్లేదు.

"ఇది చాలదమ్మా. లోపల ఇంకేదో ఉంది," అన్నాడు.

లోపల నిజంగానే ఉంది. ఎప్పుడూ ఎవరికీ చెప్పనిది. మామగారి నుదుటి మీద చెమట చూశాక ఇక దాచుకోబుద్ధి కాలేదు.

"మామయ్యకి గుండె జబ్బని తెలిసిన రోజు చానా సేపు ఏడ్చాను," అంది తల వంచుకుని. "మామయ్య కోసం కాదు. ఇంక నన్ను నరసరావుపేటలో బ్యాంకు కోచింగ్‌కి పంపరని ఏడ్చాను."

కోటేశ్వరమ్మ కళ్ళు నిప్పులు కురిశాయి. వెన్నెలకి తల కొట్టేసినట్టయింది. మొగుడి ముందు, పరాయి మనిషి ముందు, ఈ దిక్కుమాలిన కోడి ముందు అన్నేసి మాటలు ఎందుకన్నానా అని కుమిలిపోయింది.

"ఏడవదా మరి," అన్నాడు బసవపున్నయ్య మెల్లగా. "దాని వయసులో నేనైనా అంతే."

ఆ మాటతో వెన్నెల కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఈ మనిషి బతకాలి అనుకుంది.

పూజారి నాలుగో చెంబు ఎత్తాడు. ఈసారి నెమ్మదిగా, సన్నటి ధారగా పోశాడు. పుంజు కళ్ళు మూసుకుంది. ఎడమ రెక్క పైకెత్తి కాసేపు అలాగే ఉంచింది. తర్వాత నిదానంగా అటు తిరిగి కుడి రెక్క ఎత్తింది.

పూజారి చెంబు కింద పెట్టేశాడు. "ఇన్నేళ్ళ సర్వీసులో ఇట్టాంటిది చూళ్ళా. ఇదేం సూచనో నాకు అంతు చిక్కట్లా."

"అమ్మ వద్దంటుందిరా," అని కోటేశ్వరమ్మ కొడుకు చెయ్యి పట్టుకుంది. బసవపున్నయ్య లేచి, కారు వైపు కాకుండా ఊరి వైపు నడవబోయాడు.

ఎత్తి పట్టిన ఆ రెక్క వైపే చూస్తున్న వెన్నెల గబగబా వెళ్ళి ఆయనకి అడ్డం నిలబడింది. ఆమెకి ఏడుపులోనే నవ్వు తన్నుకొస్తోంది.

"అమ్మవారు వద్దనలేదు మామయ్యా, మీరు కారెక్కండి. గంటకోసారి దాని నెత్తిన చెంబెడు నీళ్ళు పొయ్యమని ఎండాకాలమంతా నాచేత పోయించింది అత్తయ్యే. అది ఇప్పుడు కూడా తానం చేయిస్తున్నారనుకుంటుంది."