కారులో దీపం

"షెడ్డు తలుపు గట్టిగా మూశావా, హిల్కా? చీకట్లో అయితే అడుగున చిల్లు ఎక్కడ మిగిలినా లోపలి దీపం వెలుతురే పట్టిస్తుంది," కారు కింద వెల్లకిలా పడుకునే అడిగాడు తౌనో. తుప్పు తిన్న ఆ కారు అడుగుకి వేసవంతా రేకు అతుకులు వేసింది అతనే.

"మూశాను. దీపం కూడా వెలిగించి కారులో పెట్టాను. ఏమైనా కనిపిస్తోందా?"

"చుక్క కూడా లేదు. ముసలాడి పనితనం అంటే ఏమనుకున్నావ్. రేపు నేనే తోలుకెళ్లి నిన్ను మీ చెల్లెలింట్లో దింపుతా."

హిల్కా వంగి చూసింది. తౌనో ముఖం నిండా వెలుతురు చుక్కలే. ఒకటి సరిగ్గా కంటిపాప మీద పడింది. అతను రెప్పయినా వేయలేదు.

"ఒక్కటీ లేదంటే నాకే నమ్మకం కుదరట్లేదు. ఇంతకీ దీపం వెలుగుతోందా?"

"లేదు తౌనో. బల్బు పోయినట్టుంది," అంది హిల్కా, ఆ కళ్లలోకే చూస్తూ.