మీసాల చేప

ఆటో కట్ట మలుపు తిరగకముందే వాసన వచ్చేసింది. శ్రీశైలమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

నీలం డ్రమ్ములు. మార్కాపురం కోళ్ల దుకాణాల్లో మిగిలిన పేగులు, తలకాయలు, ఈకలు. ఎండకు ఉబ్బి మూతలు పైకి లేస్తున్నాయి. గణపతి ఆటో దిగి, ఒక్కో డ్రమ్మునూ కాలితో తోసి తన చేపల గుంతలోకి ఒంపాడు.

నల్లటి నీళ్లు ఒక్కసారిగా ఉడికినట్టు లేచాయి. పొడుగాటి మీసాలు, వెడల్పాటి నోళ్లు. క్యాట్‌ఫిష్‌లు ఒకదాని మీద ఒకటి ఎక్కి పేగులు లాక్కుంటున్నాయి.

"ఏమయ్యా, మనుషులు తినే చేపకు ఇదా మేత?" అందామె.

"తినేటోళ్లకు లేని రోత నీకేంది?" గణపతి నవ్వాడు. మోచేతికి తడి ఈక ఒకటి అంటుకుని ఉంది. దాన్ని పీకి పారేసి, అదే చేత్తో జేబులోని మిక్చర్ తీసి నోట్లో పోసుకున్నాడు.

శ్రీశైలమ్మ తుమ్మచెట్టు చాటుకు పోయి కక్కుకుంది.

ఆ కంపు ఇంట్లోకీ వచ్చింది. దుప్పట్లు ఎన్నిసార్లు ఉతికినా పోదు. అన్నం కలుపుకుంటే వేళ్లకూ అదే. ఒకప్పుడు చేపల పులుసంటే ప్రాణం పెట్టే మనిషి, ఇప్పుడు ఆ మాట వింటేనే విస్తరి ముందు నుంచి లేచిపోతోంది.

గుంతకు దిగువనే ఊరి చెరువు. మహిళా సంఘం వాళ్లు అందులో చేపలు పెంచుతున్నారు. శ్రీశైలమ్మే అధ్యక్షురాలు. గింజంత బొచ్చె చేప పిల్లల్ని తెచ్చి, వలకట్టులో ఉంచి, తవుడూ చెక్కా కలిపి పెట్టి, వేలెడంత అయ్యాక చెరువులోకి వదిలారు. ఎండలకు నీళ్లు వేడెక్కి పిల్లలు పైకి తేలుతుంటే, ఆడవాళ్లే వంతులేసుకుని నడుముల్లోతు దిగి నీళ్లు చిలికారు. అట్లా బతికించుకున్న చేపలవి.

ఆ వారమే నల్లమల మీద పెద్ద వాన పడింది. గుంత కట్ట తెగి, నల్లనీళ్లు చెరువులోకి దిగాయి.

తెల్లారి చెంచమ్మ తన వలలో పడ్డ చేపను తెచ్చి కట్ట మీద పడేసింది. మీసాల చేప. కడుపు కోస్తే లోపలంతా బొచ్చె పిల్లలు. సగం అరిగి, జిగటగా ముద్దకట్టి, కళ్లు మాత్రం తెల్లగా కనబడుతూ.

"మన పిల్లలే గదక్కా!" అంది చెంచమ్మ. "ఇంగ చెరువులో ఏం మిగుల్తాయి?"

"ఈ చేపను పెంచొద్దని గవర్నమెంటే చెప్పింది. అయినా అడిగేదెవురు?" అంది సంఘంలోని రాజకుమారి.

అందరూ శ్రీశైలమ్మ మొహంలోకి చూశారు. గణపతి పేరు మాత్రం ఎవరూ ఎత్తలేదు.

ఆమె నేరుగా గణపతి దగ్గరికే పోయింది. "చెరువులో పడినవాటిని వలేసి తీపిచ్చు. గుంత పూడ్చు. ఇంతటితో పోతాది."

"నా చేపలు అమ్మిందాక పూడ్చేది లేదు. ఏం చేసుకుంటారో చేసుకోపోండి," అన్నాడతను పళ్లు కుట్టుకుంటూ.

శ్రీశైలమ్మ చేపల ఆఫీసుకు ఫోన్ చేసింది. "పెంచేది ఎవరమ్మా?" అని అడిగితే ఆమె లేచి వాకిలి తలుపు దగ్గరికేసింది. అప్పుడు పేరు చెప్పింది.

ఆఫీసరు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. చెరువులో వలలేయించి, మోటారు పెట్టి గుంతలో మిగిలిన నీళ్లు తోడించాడు. అడుగున బురదలో, కుళ్లిన ఈకల మధ్య చేపలు పాముల్లా మెలికలు తిరిగాయి. పొక్లెయిన్‌తో గొయ్యి తీసి, అందులోకి తోసి సున్నం చల్లారు. ఊరంతా ముక్కులు మూసుకుని చూసింది.

"ఎవురు చెప్పినారు?" గణపతి రంకెలేశాడు. "మొగోళ్లయితే ముందుకు రాండి!"

"ఆ పేరు చెప్పం," అన్నాడు ఆఫీసరు.

"నేనే చెప్పినా," అంటూ శ్రీశైలమ్మ ముందుకొచ్చింది.

గణపతి ఆమెను ఎగాదిగా చూశాడు. కాండ్రించి ఉమ్మి, విసవిసా ఊరివైపు నడిచాడు.

ఆఫీసరు గొంతు తగ్గించాడు. "జాగ్రత్తమ్మా. ఇట్లాంటోళ్లు పగ పెట్టుకుంటారు. ఇంటిదాకా మా మనిషిని తోడు పంపిస్తా."

"ఎందుకులే సార్, నా మొగుడు ముందు పోతాండాడు గదా," అంటూ శ్రీశైలమ్మ గణపతి వెనకాలే నడిచింది.